బొమ్మలు గీసే భాష... అందరికీ ఉచితం

కంప్యూటర్ అనగానే మన ఇళ్లలో సాధారణంగా వినిపించే మాటలు రెండే. ఒకటి కోర్సు, రెండోది ఉద్యోగం. ఆ యంత్రంతో గీత గీయవచ్చని, గీసిన బొమ్మను కదిలించవచ్చని, పదో తరగతి లెక్కలతోనే కళ్లు చెదిరే అల్లికలు సృష్టించవచ్చని తెలిసినవారు తక్కువ. అందుకు కావలసిన సాధనాన్ని కొందరు కళాకారులు, అధ్యాపకులు, విద్యార్థులు కలిసి ఏళ్ల తరబడి తయారుచేసి, ప్రపంచంలో ఎవరైనా వాడుకోవచ్చని వదిలిపెట్టారు. దాని పేరు పీ5 జేఎస్. అది ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, దాన్ని నిలబెట్టడానికి ఎలాంటి నిర్ణయాలు తీసుకోవలసి వచ్చింది, మన పిల్లలకు అది ఏ విధంగా ఉపయోగం అన్నదే ఈ వారం వ్యాసం.

లైబ్రరీ అంటే ఏమిటి?

కంప్యూటర్ పరిభాషలో లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు. బిర్యానీ వండే ప్రతిసారీ మసాలా దినుసులు మొదటి నుంచీ నూరుకోకుండా, ముందే నూరి సీసాలో భద్రపరచుకుంటారు కదా! అలాగే ప్రోగ్రాములు రాసేవారికి పదేపదే అవసరమయ్యే పనులను ఎవరో ముందుగా రాసి సిద్ధం చేసి ఉంచితే దాన్ని లైబ్రరీ అంటారు. తెరమీద ఒక వృత్తం గీయాలంటే ఏ చుక్కకు ఏ రంగు వేయాలో మనం లెక్క కట్టనక్కర్లేదు. 'సర్కిల్' అనే ఆదేశం రాసి, వృత్తం ఎక్కడ ఉండాలో, ఎంత వ్యాసం ఉండాలో మూడు అంకెలిస్తే చాలు. మిగిలిన శ్రమ లైబ్రరీది.

ఇలా ప్రోగ్రాము రాయడం ద్వారా బొమ్మలు, కదిలే దృశ్యాలు, ఆటలు, శబ్దాలు సృష్టించడాన్ని క్రియేటివ్ కోడింగ్ అంటున్నారు. బ్యాంకు ఖాతాలు లెక్కించే ప్రోగ్రాములో ఫలితం ఎలా ఉండాలో ముందే తెలుసు. ఇక్కడ మాత్రం గీస్తూ, చూస్తూ, మార్చుకుంటూ పోవాలి. కాగితం మీద పెన్సిల్‌తో చిత్తు బొమ్మ వేసినట్టే ఇదీ. అందుకే ఈ ప్రోగ్రాములను 'స్కెచ్' అని పిలుస్తారు.

నూరు చుక్కల పలకతో మొదలు

ఈ కథకు మూలం అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఉంది. అక్కడి మీడియా ల్యాబ్‌లో జాన్ మయెడా అనే ఆచార్యుడు చిత్రకారులకు, డిజైనర్లకు ప్రోగ్రామింగ్ నేర్పాలని సంకల్పించి 'డిజైన్ బై నంబర్స్' అనే చిన్న భాషను తయారుచేశారు. దాని పుస్తకం 1999లో వెలువడింది. గీయడానికి అందులో ఉన్న పలక అడ్డంగా నూరు చుక్కలు, నిలువుగా నూరు చుక్కలు మాత్రమే. రంగులు కూడా లేవు. తెలుపు నుంచి నలుపు దాకా ఛాయలు, అంతే. పరికరం ఎంత చిన్నదైతే ఆలోచన అంత స్పష్టంగా ఉంటుందన్నది ఆ పలక నేర్పిన పాఠం.

ఆయన శిష్యులైన కేసీ రియాస్, బెన్ ఫ్రై ఆ ఆలోచనను ముందుకు తీసుకువెళ్లారు. 2001లో వారిద్దరూ 'ప్రోసెసింగ్' అనే సాధనాన్ని ప్రారంభించారు. అది జావా భాష మీద ఆధారపడింది. మొదటి రోజుల్లో దాని పేరు రాసేటప్పుడు ఇంగ్లిష్ 'ఎస్' అక్షరాలు రెండింటి స్థానంలో రెండు 5 అంకెలు వేసేవారు. 'పీ5' అనే ముద్దుపేరు అలా స్థిరపడింది. క్రమంగా ప్రపంచంలోని అనేక కళాశాలల్లో ప్రోసెసింగ్ పాఠ్యాంశంగా మారింది. 2005లో ఆస్ట్రియాలోని ఆర్స్ ఎలక్ట్రానికా సంస్థ ఇచ్చే గోల్డెన్ నికా పురస్కారం దానికి లభించింది. 2012లో ఈ కృషిని కొనసాగించడానికి రియాస్, ఫ్రై, న్యూయార్క్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు డేనియల్ షిఫ్‌మన్ కలిసి ప్రోసెసింగ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థను నెలకొల్పారు.

అయితే ఈలోగా కాలం మారింది. ఒకప్పుడు జావా ప్రోగ్రాములు బ్రౌజర్‌లో నేరుగా నడిచేవి. రానురాను బ్రౌజర్లు వాటిని పక్కన పెట్టాయి. వాటి స్థానంలో జావాస్క్రిప్ట్ రాజ్యమేలసాగింది. పేరులో పోలిక ఉన్నా జావా వేరు, 1995లో పుట్టిన జావాస్క్రిప్ట్ వేరు. ప్రోసెసింగ్‌ను బ్రౌజర్‌లో నడిపించడానికి 2008లో జాన్ రెసిగ్ 'ప్రోసెసింగ్ జేఎస్' అనే ప్రయత్నం చేశారు. అది పాత భాషను కొత్త భాషలోకి మార్చే పద్ధతి. ప్రోసెసింగ్ ఈ రోజు, ఈ ఇంటర్నెట్ కాలంలో పుట్టి ఉంటే ఎలా ఉండేది? ఈ ప్రశ్నతో 2013లో లారెన్ లీ మెకార్తీ అనే కళాకారిణి మొదటి నుంచీ కొత్తగా రాయడానికి పూనుకున్నారు. ఆమె కంప్యూటర్ శాస్త్రమూ, కళా రెండూ చదివినవారు. 2014లో పీ5 జేఎస్ ప్రజల చేతికి వచ్చింది. 2020 ఫిబ్రవరి 29న దాని 1.0 రూపం విడుదలైంది.

ఎలా గీస్తుంది?

పీ5 స్కెచ్‌లో ముఖ్యమైన భాగాలు రెండు. మొదటిది 'సెటప్'. ఇది ఒక్కసారి మాత్రమే నడుస్తుంది. గీయబోయే పలక ఎంత వెడల్పు, ఎంత ఎత్తు ఉండాలో ఇక్కడ చెబుతాం. రెండోది 'డ్రా'. ఇది ఆపమనేదాకా ఆగకుండా, మామూలుగా సెకనుకు 60 సార్లు నడుస్తుంది. సినిమా రీలులో బొమ్మ వెంట బొమ్మ పరుగెత్తినట్టే ఇదీ. ప్రతిసారీ వృత్తాన్ని ఒక్క చుక్క కుడివైపు జరిపి గీయమని రాస్తే, 400 చుక్కల వెడల్పున్న పలకను ఆ వృత్తం ఏడు సెకన్లలోపే దాటిపోతుంది.

ఇక్కడొక తమాషా ఉంది. ప్రతిసారీ పాత బొమ్మను తుడిచి, నేలరంగు వేసి, ఆపై కొత్త బొమ్మ గీయాలి. ఆ తుడిచే ఆదేశం పేరు 'బ్యాక్‌గ్రౌండ్'. దాన్ని 'డ్రా'లో రాయడం మరచిపోతే పాత వృత్తాలన్నీ అలాగే ఉండిపోయి, కదిలే బంతి కాస్తా లావుపాటి గీతగా మారుతుంది. మొదటిసారి రాసే పిల్లలు దీన్ని చూసి ముందు కంగారుపడతారు. తరువాత కావాలనే అలా వదిలేసి దాన్నే కుంచెగా వాడుకోవడం మొదలుపెడతారు. ఈ విద్యలో తప్పులకు కూడా అందం ఉంది.

మరొక విషయం. బడిలో గ్రాఫ్ గీసేటప్పుడు పైకి వెళ్లేకొద్దీ వై విలువ పెరుగుతుంది. ఇక్కడ సున్నా స్థానం పలక పైభాగంలో, ఎడమ మూలన ఉంటుంది. కిందికి దిగేకొద్దీ వై విలువ పెరుగుతుంది. పేజీ చదివేటప్పుడు పైనుంచి కిందికి వస్తాం కదా, అలా అనుకుంటే తికమక ఉండదు.

కొండలు, మబ్బులు, నీటి అలలు గీయాలనుకుంటే 'నాయిజ్' అనే ఆదేశం ఉంది. లాటరీ చీటీ తీసినట్టు ఇష్టమొచ్చిన అంకెను ఇచ్చే ఆదేశం వేరే ఉంది, దాని పేరు 'ర్యాండమ్'. దానితో కొండ గీస్తే రంపపు పళ్లలా వస్తుంది. 'నాయిజ్' ఇచ్చే అంకెలు మాత్రం ఒకదాని పక్కన ఒకటి మెత్తగా మారుతూ వస్తాయి. అందువల్ల గీత సహజమైన కొండ వాలులా కనబడుతుంది. దీని వెనుక ఉన్న పద్ధతిని 1980 దశకం మొదట్లో కెన్ పెర్లిన్ కనిపెట్టారు. ఆ కృషికి 1997లో ఆయన సాంకేతిక విభాగంలో ఆస్కార్ సంస్థ గుర్తింపు పొందారు. అంతటి పద్ధతి ఈనాడు ఎనిమిదో తరగతి పిల్లవాడి చేతిలో ఒక్క మాటగా ఉంది.

చతురస్రాలు రెండు, నక్షత్రం ఒకటి

మన పాఠకులకు బాగా పరిచయమైన ఎనిమిది మొనల నక్షత్రాన్నే తీసుకుందాం. మసీదు గోడల మీద, జాలీల మీద, పాత పుస్తకాల అట్టల మీద దాన్ని చూస్తూనే ఉంటాం. దాన్ని గీయడం ఎంత తేలికో చూడండి. పలక మధ్యకు వెళ్లి ఒక చతురస్రం గీయాలి. తరువాత అదే కేంద్రం చుట్టూ పలకను 45 డిగ్రీలు తిప్పి, అదే కొలతతో మరో చతురస్రం గీయాలి. ఎనిమిది మొనలు బయటికి పొడుచుకువస్తాయి. మధ్యలో ఎనిమిది భుజాల ఆకారం దానంతటదే ఏర్పడుతుంది. పీ5లో ఇదంతా పది వరసలు దాటదు.

కానీ మొదటిసారి రాసిన పిల్లలకు నక్షత్రం సరిగా రాదు. "అబ్బా, 45 అనే రాశాను. అయినా నక్షత్రం వంకరగా వస్తోంది" అని కూతురు అడిగితే తండ్రి దగ్గర జవాబు ఉండకపోవచ్చు. "నాకూ తెలియదు బేటీ. ఎందుకో ఇద్దరం వెతుకుదాం" అంటే చాలు. కారణం ఏమిటంటే, కోణాలను పీ5 మామూలుగా రేడియన్లలో లెక్కిస్తుంది. 45 రేడియన్లు అంటే ఏడు పూర్తి చుట్లు తిరిగి, పైన ఇంకో 58 డిగ్రీలు. అందుకే రెండో చతురస్రం అనుకున్న చోట ఆగదు. 'కోణాలను డిగ్రీల్లో లెక్కించు' అని ముందుగా ఒక ఆదేశం ఇస్తే నక్షత్రం చక్కగా కుదురుతుంది. ఇంటర్ లెక్కల పుస్తకంలో రేడియన్ అంటే ఏమిటో బట్టీపట్టిన పిల్లకు, అది దేనికి పనికొస్తుందో ఆ వంకర నక్షత్రం చెప్పినంత బాగా ఏ గైడూ చెప్పలేదు.

ఒక నక్షత్రం వచ్చాక దాన్ని అడ్డంగా పది, నిలువుగా పది సార్లు గీయమని ఒక చిన్న చక్రంలో పెడితే నూరు నక్షత్రాల అల్లిక సిద్ధం. మొనల మధ్య మిగిలిన ఖాళీలు సైతం ఒక ఆకారాన్ని సంతరించుకుంటాయి. మెహందీ డిజైన్ కూడా ఇలాగే. ఒక ఆకును గీసి, 45 డిగ్రీల చొప్పున ఎనిమిది సార్లు తిప్పి గీస్తే పువ్వు విచ్చుకుంటుంది. ముగ్గులోని చుక్కల వరసలకూ ఇదే సూత్రం.

ఆ కారీగర్ల లెక్క

ఈ సాధనం కొత్తదైనా, సూత్రంతో సౌందర్యాన్ని పుట్టించే పద్ధతి చాలా పాతది. వరసగా చేయవలసిన పనుల క్రమాన్ని కంప్యూటర్ శాస్త్రంలో అల్గోరిథమ్ అంటారు. ఆ మాట తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్‌లోకి మారిన రూపం నుంచి వచ్చింది. పదో శతాబ్దానికి చెందిన అబుల్ వఫా అల్ బుజ్జానీ చేతిపనివారికి అవసరమైన రేఖాగణిత నిర్మాణాల మీద ప్రత్యేకంగా గ్రంథం రాశారు. వృత్తలేఖిని, స్కేలు పట్టుకున్న కారీగర్ కోసం గణితవేత్త కలం పట్టిన సందర్భం అది.

ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ ప్రాసాదంలో భద్రపరచిన ఒక పొడవాటి కాగితపు చుట్టలో 114 అల్లికల నమూనాలున్నాయి. నిర్మాణ పనివారికి అవి మార్గదర్శకాలు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో 1453 నాటి దర్బె ఇమామ్ కట్టడం మీది అల్లికలను పరిశీలించి పీటర్ లూ, పాల్ స్టైన్‌హార్ట్ అనే శాస్త్రవేత్తలు 2007లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. ఐదు రకాల పలకల ఆకారాలను ఒకదానికొకటి చేర్చుకుంటూ పోయే పద్ధతిలో ఆ క్లిష్టమైన అల్లికలను రూపొందించి ఉంటారని వారు వివరించారు. పది భుజాలది, ఐదు భుజాలది, ఆరు భుజాలది, విల్లుముడి ఆకారం, సమచతుర్భుజం ఆ ఐదు రకాలు.

అంత దూరం వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్ పాతబస్తీలోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద రంగురంగుల పెంకుల పనితనం నాలుగు వందల ఏళ్ల నాటిది. ఇబ్రహీంబాగ్‌లోని కుతుబ్‌షాహీ సమాధుల మీది గచ్చుపనిలోనూ ఇలాంటి రేఖల అమరికలు కనిపిస్తాయి. సెలవు రోజున పిల్లలను అక్కడికి తీసుకెళ్లి, ఒక అల్లికను నోటుబుక్కులో గీయించి, ఇంటికొచ్చాక దాన్ని పీ5లో రాయమంటే చరిత్ర, గణితం, కంప్యూటర్ మూడూ ఒకే పాఠంలో అందుతాయి.

ఎవరు రాస్తారు? ఎలా రాస్తారు?

పీ5 ఓపెన్ సోర్స్ లైబ్రరీ. అంటే దాని లోపలి రాత అంతా బహిరంగం. ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. అది ఎల్‌జీపీఎల్ అనే అనుమతిపత్రం కింద వెలువడుతోంది. దాని సారాంశం ఇది: లైబ్రరీని ఉచితంగా వాడుకుని నీ సొంత ప్రోగ్రాము రాసుకో, అమ్ముకో, అభ్యంతరం లేదు. లైబ్రరీనే మార్చి పదిమందికి పంచితే మాత్రం ఆ మార్పులను కూడా అదే షరతుతో అందరికీ అందుబాటులో ఉంచాలి. తీసుకున్నవాడు తలుపు మూసుకోకూడదన్న మాట.

దాని రాత గిట్‌హబ్ అనే చోట ఉంటుంది. ఎవరికైనా లోపం కనబడితే అక్కడ ఫిర్యాదు నమోదు చేస్తారు. అది నిజంగా లోపమేనా, సరిదిద్దితే పాత స్కెచ్‌లు దెబ్బతింటాయా అన్న చర్చ జరుగుతుంది. ఆమోదం వచ్చాక ఒకరు లైబ్రరీ నకలు తీసుకుని, మార్పు చేసి, పరీక్షలు నడిపి, తిరిగి సమర్పిస్తారు. నిర్వాహకులు వరస వరసా చదివి, సరేననుకుంటేనే అసలు రాతలో కలుపుతారు. ఒక్క కామా మార్పు కూడా ఈ దారిలోనే రావాలి. చూడటానికి నిదానమే. కానీ లక్షలాది పిల్లల పాఠాలు దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ నిదానమే రక్షణ.

ఇందులో పేర్కొనదగ్గ మరో సంగతి ఉంది. పీ5కు సాయపడినవారి జాబితాలో ప్రోగ్రాము రాసినవారితో పాటు అనువాదం చేసినవారు, పాఠాలు రాసినవారు, ఉదాహరణలు తయారుచేసినవారు, లోపాలు కనిపెట్టి చెప్పినవారు కూడా ఉంటారు. ఎవరు ఏ పని చేశారో పేరు పక్కన చిన్న గుర్తు వేస్తారు. బ్రౌజర్‌లోనే స్కెచ్ రాసుకునే వెబ్ ఎడిటర్ తయారీకి క్యాసీ తారకాజియన్ సారథ్యం వహించారు. మెకార్తీ తరువాత చియాన్‌చియాన్ యే వంటివారు ప్రాజెక్టు బాధ్యతలు మోశారు. గూగుల్ సంస్థ వేసవిలో విద్యార్థులకు భృతి ఇచ్చి ఓపెన్ సోర్స్ పని చేయించే పథకంలో ప్రోసెసింగ్ ఫౌండేషన్ ఏళ్లుగా పాల్గొంది. దాని ద్వారా పీ5కు పనిచేసినవారిలో భారతీయ విద్యార్థులూ ఉన్నారు.

కొత్త హంగులు వద్దన్న నిర్ణయం

2015లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పీ5 పనివారి సమావేశం జరిగింది. స్త్రీలు, నల్లజాతివారు, వికలాంగులు, ఇంగ్లిష్ మాతృభాష కానివారు, మొదటిసారి కంప్యూటర్ ముట్టుకున్నవారు ఎవరైనా సరే తమవారేనని అక్కడ ఒక ప్రకటన రూపొందించుకున్నారు. ఇలాంటి ప్రకటనలు చేయడం సులభం. పరీక్ష ఆ తరువాత వస్తుంది.

2019లో అదే చోట మళ్లీ సమావేశమైనప్పుడు వారు ఒక కఠినమైన నిర్ణయం తీసుకున్నారు. ఇకపై పీ5లో కొత్త హంగులు చేర్చరాదు. ఎక్కువమందికి ఈ సాధనాన్ని అందుబాటులోకి తెచ్చే మార్పులకు మాత్రమే చోటు. సాఫ్ట్‌వేర్ లోకంలో ప్రతి ఏడూ 'ఇదిగో కొత్తది' అని చూపించకపోతే వెనకబడ్డట్టే లెక్క. నైపుణ్యమున్న యువకులు మోజుపడి చేసి తెచ్చిన హంగును 'బాగుంది కానీ చేర్చం' అని తిప్పి పంపడం ఎంత కష్టమో ఉమ్మడి పనిలో ఉన్నవారికి తెలుసు.

ఆ నిర్ణయానికి ఫలితం ఏమిటి? చూపులేని విద్యార్థి తెరమీది బొమ్మను ఎలా తెలుసుకోవాలి? అందుకోసం 'డిస్క్రైబ్' అనే ఆదేశం వచ్చింది. గీసినవారు తమ బొమ్మలో ఏముందో ఒక వాక్యం రాస్తే, తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని బిగ్గరగా చదువుతుంది. ఏ ఆకారం ఏ మూలన ఉందో పట్టికలా చెప్పే ఏర్పాటు కూడా ఉంది. మరొకటి స్నేహపూర్వకమైన తప్పుల సూచిక. సాధారణంగా ప్రోగ్రాములో ఒక్క అక్షరం జారినా కంప్యూటర్ అర్థంకాని ఎర్ర అక్షరాలు విసిరికొడుతుంది. పీ5 మాత్రం 'మీరు ఫలానా మాట రాయాలనుకున్నారా?' అని అడుగుతుంది. ఏ వరసలో పొరపాటు ఉందో చూపిస్తుంది. చదువు మీద భయం చాలాసార్లు మొదటి గద్దింపుతోనే మొదలవుతుందని ఉపాధ్యాయులకు చెప్పనక్కర్లేదు.

భాష విషయంలోనూ అదే దారి. పీ5 వెబ్‌సైట్‌ను ఇంగ్లిష్‌తో పాటు స్పానిష్, చైనీస్, కొరియన్, హిందీ భాషల్లో తెచ్చారు. వెబ్ ఎడిటర్ మెనూలు హిందీ, ఉర్దూలలో కూడా అందుబాటులోకి వచ్చాయి. ఇవన్నీ ఎవరో ఒకరు పూనుకుని కూర్చుని చేసినవే. తెలుగులో పాఠాలు, ఉదాహరణలు ఎంతమంది రాస్తే అంత మేలు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రచారం చేస్తూ తెలుగులోకి తేవడానికి చేసిన కృషి ఇందుకు మార్గం చూపుతోంది. రెండు భాషలు వచ్చిన మన ఇళ్ల పిల్లలు ఈ పనికి ఎంతో తగినవారు.

పాత పాఠమా, కొత్త రూపమా?

ఉచితమన్న మాట వినగానే దాని వెనుక ఖర్చు లేదనుకోవడం పొరపాటు. 2025లో పీ5 2.0 రూపం వచ్చింది. బొమ్మలను, అక్షరాలను ముందుగా తెచ్చుకోవడానికి ఏళ్ల తరబడి వాడుతున్న 'ప్రీలోడ్' అనే పద్ధతిని అందులో తీసివేసి, జావాస్క్రిప్ట్ భాషలో ఇప్పుడు ప్రామాణికమైన పద్ధతిని పెట్టారు. సాంకేతికంగా అది సరైన మార్పే. కానీ పదేళ్లుగా రాసిన పాఠాలు, పుస్తకాలు, వీడియోలు ఎన్నో పాత పద్ధతిని చూపిస్తున్నాయి. పుస్తకంలో ఉన్నట్టే రాసిన పిల్లవాడికి స్కెచ్ నడవకపోతే తప్పు తనదే అనుకుంటాడు. అందుకని పాత పద్ధతులను కొత్త రూపంలో నడిపించే జోడింపులను నిర్వాహకులు తయారుచేశారు. 2.0 వచ్చిన వెంటనే పాత 1 వరస రూపాలను మూసివేయలేదు. వంతెన కట్టకుండా పాత దారి మూయకూడదన్న ఇంగితం ఇది.

నిధుల విషయంలో భేదాభిప్రాయాలు కూడా లేకపోలేదు. ఫౌండేషన్ స్థాపకుల్లో ఒకరైన బెన్ ఫ్రై 2023లో దాని నుంచి తప్పుకున్నారు. అసలు ప్రోసెసింగ్ సాఫ్ట్‌వేర్‌ను పెంపొందించడానికి తగినంత డబ్బు వెచ్చించడం లేదన్నది ఆయన ఆవేదన. పాత ఇంటిని బాగుచేయడమా, కొత్తవారికి తలుపు తెరవడమా అన్న ప్రశ్న ఏ ధార్మిక సంస్థకైనా, ఏ పాఠశాలకైనా ఎదురయ్యేదే. రెండూ అవసరమే. ఉన్నది పరిమితమైన చేతులు, పరిమితమైన రొక్కం. ఉచితంగా వాడుకునేవారు కోకొల్లలు, బరువు మోసేవారు కొద్దిమంది. ఈ అసమానత ఓపెన్ సోర్స్ లోకమంతటా ఉంది. వాడుకున్నవారిలో కొందరైనా ఒక లోపం కనిపెట్టి చెప్పడమో, ఒక పాఠం రాయడమో చేస్తేనే ఇలాంటివి నిలుస్తాయి.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

పీ5 నేర్చుకుంటే వెంటనే ఉద్యోగం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇది నేర్పేది పునాది. ఒక పనిని చిన్న మెట్లుగా విడగొట్టడం, తప్పు ఎక్కడ ఉందో ఓపికగా వెతకడం, లెక్కను కంటితో చూడటం ఇందులో అలవడతాయి. పైగా ఇందులో రాసేది నిజమైన జావాస్క్రిప్ట్. వెబ్ రంగంలో రేపు వాడబోయేది ఆ భాషే. 'అడిగితే కృత్రిమ మేధే ప్రోగ్రాము రాసిస్తోంది కదా, ఇక నేర్చుకోవడమెందుకు' అని కొందరు అంటున్నారు. యంత్రం రాసిచ్చిన నక్షత్రం వంకరగా వస్తే, ఎందుకు వచ్చిందో తెలిసినవారే దాన్ని సరిదిద్దగలరు.

కోచింగ్ సెంటర్లకు వేలకు వేలు కట్టేముందు ఇంట్లో ఒక నెల ప్రయత్నించి చూడండి. ముఖ్యంగా ఆడపిల్లలను. 'కంప్యూటర్ అబ్బాయి కోసం కొన్నాం, నువ్వు ముట్టుకోవద్దు' అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పీ5ను ప్రారంభించింది ఒక స్త్రీ అన్న సంగతి ఆ ఇళ్లలో చెప్పండి. రోజూ మెహందీ డిజైన్లు, ఎంబ్రాయిడరీ నమూనాలు గీసే అమ్మాయికి ఆకారం తిరగడం, తిరిగి రావడం అప్పటికే చేతికి తెలుసు. ఆమెకు కావలసింది ఆ తెలివికి ఒక కొత్త భాష, వారానికి రెండు మూడు గంటల కంప్యూటర్ సమయం. అన్నకు ఎంత సమయం ఇస్తున్నారో చెల్లెలికీ అంతే ఇవ్వండి.

ఇలా మొదలుపెట్టండి

* ఇంటర్నెట్ ఉంటే పీ5 వెబ్ ఎడిటర్ తెరిచి నేరుగా రాయవచ్చు. ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. రాసింది దాచుకోవడానికే ఖాతా కావాలి. చిన్నపిల్లలైతే పెద్దలు పక్కన ఉండి ఖాతా తెరవాలి.

* ఇంటర్నెట్ ఎప్పుడూ ఉండని ఇళ్లలో లైబ్రరీని ఒక్కసారి దించుకుంటే చాలు. అది పెద్ద ఫైలేమీ కాదు, పెన్‌డ్రైవ్‌లో తేలిగ్గా ఇముడుతుంది. పాత కంప్యూటర్, ఒక బ్రౌజర్, నోట్‌ప్యాడ్ ఉంటే పని జరుగుతుంది.

* సెల్‌ఫోన్‌లో స్కెచ్‌లు చూడటం సులభం, రాయడం కష్టం. కీబోర్డు ఉన్న కంప్యూటర్ దొరికే చోట, బడిలోనో గ్రంథాలయంలోనో, రాయించండి.

* మొదటి వారం వృత్తాలు, చతురస్రాలు, రంగులు. రెండో వారం కదలిక. మూడో వారం ఎనిమిది మొనల నక్షత్రం. నాలుగో వారం దాన్ని అల్లికగా మార్చడం. ఇంగ్లిష్ అర్థమయ్యే పిల్లలకు డేనియల్ షిఫ్‌మన్ యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టిన 'కోడింగ్ ట్రైన్' పాఠాలు బాగా ఉపయోగపడతాయి. పాత పాఠాల్లో 'ప్రీలోడ్' కనబడితే 1 వరస రూపంతో నడపండి.

* ప్రతి స్కెచ్‌కూ 'డిస్క్రైబ్' వాక్యం ఒకటి రాయించండి. తాము గీసింది చూడలేనివారికి మాటల్లో చెప్పడం పిల్లలకు మంచి అలవాటు.

* అరగంటకోసారి లేచి కళ్లకు విశ్రాంతి ఇవ్వాలి.

పీ5కు తోడ్పడినవారిలో చాలామంది మొదట స్కెచ్ రాస్తూ ఎక్కడో తడబడినవారే. తాము తడబడిన చోట తరువాత వచ్చేవారు తడబడకుండా ఒక పాఠాన్నో, సూచననో, అనువాదాన్నో అక్కడ వదిలి వెళ్లారు. మన పిల్లలు ఆ సాయం అందుకోవడమే కాదు, ఏదో ఒక రోజున తమ వంతు పాఠాన్ని తెలుగులోనో ఉర్దూలోనో రాసి పెట్టగలిగితే ఆ ఇంటికి అంతకన్నా గౌరవం ఏముంటుంది! ఈ ఆదివారం ఇంట్లోని కంప్యూటర్ ముందు అన్నాచెల్లెళ్లను పక్కపక్కన కూర్చోబెట్టండి. ఒక్క వృత్తం గీయించి చూడండి.